మేనత్త వచ్చే కాలం

"పెద్దమ్మా, సూర్యాపేటకు ఏ కాలంల వస్తే మంచిగుంటది? నానమ్మకు ఏం బట్టలు పెట్టాలె?" అని ఫోన్ల అడిగింది నవ్య. నవ్య అంటే మా మేనత్త లచ్చమ్మ కొడుకు బిడ్డ. పుట్టింది, పెరిగింది, కొలువు చేసేది అన్నీ పుణెల్నే. సూర్యాపేట మొహం ఎన్నడూ చూడలే. తెలుగు మాట్లాడుతది గని ఒక్కో మాట ఎక్కడో దేవులాడి తెచ్చుకున్నట్టు మాట్లాడుతది. మంచి పిల్ల. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. ఫోన్ల చూసిందట, మాది నాలుగు కాలాలున్న చిన్న పట్నమట, ఒక్కో కాలానికి ఒక్కో తీరు బట్టలు తెచ్చుకోవాలని రాసి ఉన్నదట. "మరి నానమ్మకు స్వెటర్ పెట్టాల్నా, కాటన్ చీరలు సరిపోతయా?" అన్నది. మాకున్నయి మూడే కాలాలు బిడ్డా, ఎండకాలం, వానకాలం, సలికాలం; నాలుగోది మీ నానమ్మ వచ్చే కాలం, అని నాలిక కొసదాక వచ్చింది. మింగిన.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. మా మామ, అంటే అత్తమ్మ పెనిమిటి, ఏడాదికెల్లి మంచం పట్టి ఉన్నడు. డాక్టర్లు ఇంటికి తీసుకపొమ్మన్నరు. ఆయన బతికుండంగనే ఒక్కసారి పుట్టింట్ల ఒడిబియ్యం పోసుకోవాలని అత్తమ్మ పట్టుపట్టి కూసున్నదట. మా దిక్కు పెండ్లైన ఆడిబిడ్డను పుట్టింటోళ్ళు పిలిచి, పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, కొత్త చీర ఒడిల పోసి పంపుతరు. మొగడున్న ఆడిదానికే అది. మొగడు పోయిండంటే ఆ దినంతోనే ఖతం, ఇగ ఎవ్వరూ పొయ్యరు. మా నాయిన లేడు, అమ్మ లేదు. నాయినకు నేనొక్కదాన్నే బిడ్డను, అందుకని మా ఆయన ఇల్లరికం వచ్చిండు, ఇల్లు నా చేతికొచ్చింది. అంటే లచ్చమ్మ అత్తమ్మకు పుట్టిల్లు అంటూ మిగిలింది ఇప్పుడు నేనే. పొయ్యాలన్నా నేనే, పొయ్యకుండ ఆపాలన్నా నేనే. యాభై ఏండ్ల పైబడి ఇసుంటి దినం కోసమే చూస్తున్న నేను. ఫోన్ పెట్టేసి, అల్లం దంచి వేసి, చిక్కగ ఛాయ్ పెట్టుకొని తాగిన. అంత రుచైన ఛాయ్ నేను చాన ఏండ్లాయె తాగక.

ఆ నాలుగో కాలం ఎట్లుండేదో చెప్పాలె. అత్తమ్మను మిర్యాలగూడల ఇచ్చిన్రు. మామకు రైసుమిల్లుల వాటా ఉండె. బియ్యానికి కరువా, పప్పుకు కరువా ఆమెకు. అయినా మా ఇంటికొచ్చిందంటే ఇనుప ట్రంకుపెట్టె పట్టుకొనే వచ్చేది. దాంట్ల ఒక్క చీర, పిలగాని రెండు అంగీలు తప్ప ఏముండకపోయేది. వచ్చేటప్పుడు పెట్టెను ఒంటిచేత్తోని ఊపుకుంట రిక్షా దిగేది, పోయేటప్పుడు ఇద్దరు మొయ్యాలె. ఎప్పుడు రావాల్నో ఆమెకు పంచాంగం అక్కర లేకుండె. ఎండకాలమైతే మామిడికాయ తొక్కు జాడీల ఊరి నూనె పైకి తేలిన వారానికి దిగేది. వానకాలమైతే అమ్మ పెసలు ఎండబోసి, చెరిగి, డబ్బాలకెత్తిన మరునాడు దిగేది. సలికాలమైతే కొత్త నువ్వులు, కొత్త బెల్లం ఇంటికి చేరినంక. "వదినా, నీ చేతి తొక్కు మా ఇంట్ల ఎవ్వరికీ కుదరదు" అనుకుంట సగం జాడీ ఖాళీ చేసేది. అమ్మ నవ్వుకుంటనే గరిటె తోని ఎత్తి పెట్టేది. ఆడిబిడ్డ అడిగితే లేదనొద్దు అని అమ్మకు వాళ్ళమ్మ చెప్పి పంపిన మాట. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. పదేండ్ల పిల్లను, మండి ఏం చేస్త, ట్రంకుపెట్టెను కాలుతోని తన్ని పెరట్లకు ఉరికేదాన్ని.

మాది అప్పుడు మార్కెట్ యార్డుకు దగ్గర్ల రెండర్రల పెంకుటిల్లు. నాయిన మార్కెట్ల దడువాయి, అంటే రైతులు తెచ్చిన పంటను తూకమేసేటాయన. మాపటికి ఇంటికొచ్చి గడప బయట నిలబడి అంగీ దులిపితే పెసర పొట్టు రాలేది, కందుల దినాలైతే ఆ దుమ్ముకు ఇంటిల్లిపాదికి తుమ్ములే తుమ్ములు. కాళ్ళు కడుక్కొని లోపటికి వచ్చేదాక ఆయన దగ్గరికి పోనియ్యకపోయేది అమ్మ. నేను పోయేదాన్ని. ఆ గోనెసంచి వాసన, చెమట వాసన, దాంట్లనే ఎక్కడో నాకోసం జేబుల దాచుకొచ్చిన శనక్కాయల వాసన. నాయిన తూకమంటే మార్కెట్ల మందికి నమ్మకం. కాంటా ముల్లు నిలబడిందాక చెయ్యి కదిలియ్యకపోయేటోడు. పాలకీడు నుంచి, చిలుకూరు నుంచి బండ్ల మీద వచ్చిన రైతులు గూడ ఆయన పేరు చెప్పి, ఆయన వచ్చిందాక మా బస్తాలు దించేది లేదని కూసునేటోళ్ళు. అది చూసి నేను ఛాతి విరుచుకొని తిరిగేదాన్ని. ఈ సంగతి యాదిపెట్టుకోండ్రి.

అమ్మది పాలకీడు. ఇంత దగ్గరి పుట్టింటికి ఏడాదికి ఒక్కసారో రెండుసార్లో పోయేది. ఎప్పుడు పోవాలన్నది ఆమె చేతిల లేకుండె. నాయినకు మార్కెట్ల పని పల్చబడాలె, ఇంట్ల సుట్టాలు ఉండొద్దు, ముఖ్యంగ ఆడిబిడ్డ ఉండొద్దు. ఆడిబిడ్డ ఇంట్ల ఉండంగ కోడలు గడప దాటి పుట్టింటికి పోతే ఊరంత నాలుగు తీర్ల అంటది. ఆమె చేతిల ఉన్నదల్లా సంచి సర్దుడు. గోడకు కొయ్యకు తగిలించిన ఖాకీగుడ్డ సంచి దించి, దులిపి, వాకిట్ల సాప మీద పెట్టుకొని కూసునేది. ఎండకాలమైతే తడిపిన తువ్వాల, సీసాల మజ్జిగ, వడదెబ్బ తాకకుండ నా లంగా కొసకు ఒకటి, తన కొంగుల ఒకటి ఉల్లిగడ్డ. వానకాలమైతే ప్లాస్టిక్ కవర్ల సుట్టిన పొడిబట్టలు, బురదల జారకుండ చెప్పులు సంచిలనే, మేము ఒట్టికాళ్ళ తోనే. సలికాలమైతే పెదవులకు పూసుకునే వెన్నపూస చిన్న గిన్నెల, ఒక దుప్పటి, అమ్మమ్మకు ఇష్టమని నువ్వుల లడ్డూలు. ఏ కాలమైనా అట్టడుగున అమ్మమ్మకని ఏదో ఒకటి ఉండేది. అది ముందు పెట్టి, దాని మీద తతిమ్మ సామాను పెట్టేది. సంచి సర్దేటప్పుడు అమ్మ పాట పాడకపోయేది, మాట్లాడకపోయేది. మొహం మాత్రం వేరే తీరుగ ఉండేది. మిగిలిన మూడొందల చిల్లర దినాలు ఆ మొహాన్ని నేను ఎక్కడా చూడలే.

నాకు పదేండ్లున్న ఏడు, వానలు తగ్గుతున్న దినాలు. పాలకీడుకెల్లి పెసలు అమ్ముకోను వచ్చిన మనిషి మార్కెట్ల నాయినకు చెప్పిండట, మీ అత్తకు జర పానం మంచిగ లేదు, బిడ్డను తోలియ్యమన్నదని. నాయిన వచ్చి అమ్మకు చెప్పిండు. అమ్మ ఆ మాపు అన్నం తినలే. పొద్దుగాల్నే లేచి సంచి దించింది. ఈసారి అడుగున చీర పెట్టింది. చిలకపచ్చ నేతచీర, ఎర్ర అంచు. పండుగకు అమ్మమ్మకని దాచిపెట్టిన చీర. నాలుగు బత్తాయిలు, నా లంగా రవికె, మందుల చీటీ పెట్టుకోను ఒక డబ్బ. నాకు జడ వేసింది. హుజూర్‌నగర్ దాక ఒక బస్సు, ఆడికెల్లి ఇంకో బస్సు. మేము చెప్పులేసుకుంటున్నం, వాకిట్ల రిక్షా ఆగింది. ట్రంకుపెట్టె ఊపుకుంట, సంకల పిలగాన్ని ఎత్తుకొని అత్తమ్మ దిగింది.

"ఎటు పయనమైన్రు వదినా?" అన్నది. బయలెల్లేటోళ్ళను అట్ల అడుగొద్దు, ఆమెకు తెల్వదా. అమ్మ చెంబుతోని నీళ్ళిచ్చింది. నాయిన చెప్పిండు. అత్తమ్మ సంచి దిక్కు చూసింది. చూసి గూడ, "ముసలోళ్ళకు జరం రాకుంట ఉంటదా. నేను ఒడిబియ్యం పోసుకోను వచ్చిన, మా అత్త అడిగి మరీ పంపింది. రెండు రోజులు ఆగి పోతే ఏమైతది వదినా" అన్నది. ఒడిబియ్యం పొయ్యాలంటే అన్న భార్య ఉండాలె. నాయిన సంచి తీసుకపోయి కొయ్యకు తగిలిచ్చిండు. పంచాంగం చూసే అయ్యగారిని అడిగితే మంచిరోజు ఎనిమిదో నాడన్నడు. రెండు రోజులన్నది ఎనిమిది దినాలాయె.

ఆ ఎనిమిది దినాలు అమ్మ వండింది. పొద్దున గారెలు, మాపు పూరీలు, అత్తమ్మ పిలగానికి పాలన్నం. బత్తాయిలు గూడ వాడే తిన్నడు. రోజూ నాయిన మార్కెట్ నుంచి వస్తే అమ్మ గడపకాడికి పోయి నిలబడేది, నోరు తెరిచి అడగకపోయేది. నాయిన అంగీ దులుపుకుంట "ఏం కబురు లేదు, మంచిగనే ఉన్నట్టున్నది" అనేటోడు. ఎనిమిదో నాడు బియ్యం కలిపిన్రు. కొత్త చీర కావాలె గద. అంత తొందరగ చీర ఎక్కడ తెస్తరు, ఆ వారం మార్కెట్ల తూకాలు తక్కువై నాయిన చేతిల ఏం లేకుండె. అమ్మ లేచి కొయ్యకున్న సంచి దించి, అట్టడుగుకెల్లి చిలకపచ్చ చీర తీసింది. మడత విప్పకుండనే అత్తమ్మ ఒడిల పెట్టింది. "అబ్బ, రంగు మంచిగున్నది వదినా" అన్నది అత్తమ్మ. అమ్మ రెండు దోసిళ్ళతోని బియ్యం పోసి, బొట్టు పెట్టి, నవ్వింది. మధ్యాహ్నం బస్సుకు నాయిన అత్తమ్మను ఎక్కిచ్చి వచ్చిండు. వచ్చి, దండెం కింద నిలబడి, "మీ అమ్మ పోయిందట" అన్నడు. దండెం మీద అత్తమ్మ ఇడిచిన చీర ఇంక ఆరలే.

పాలకీడుకు మేము పోయేసరికి అమ్మమ్మ లేదు. కాష్టం గూడ సల్లారింది. ఇంటి ముందట కూసున్నోళ్ళు అమ్మను పట్టుకొని ఏడ్చుకుంట, "రెండొద్దులాయె గదనే కబురు పంపి, అందలేదా?" అన్నరు. అమ్మ, "ఇయ్యాల్నే అందింది" అన్నది. అంతే అన్నది. కన్నతల్లి మొహం కడసారి చూడలేకపోయిన మనిషి ఎట్ల ఏడ్వాల్నో అట్ల ఏడ్వలే అమ్మ. గోడకు ఒరిగి కూసున్నది. నేను ఆమె పక్కన కూసొని ఒక్కటే అనుకున్న. కబురు తెచ్చినోడు ఆలస్యం చేసిండు, గని అమ్మను ఆపింది అత్తమ్మ. అమ్మమ్మ చీర కట్టుకున్నది అత్తమ్మ. నేను పెద్దగైనంక ఈమెకు చెప్త. పదేండ్ల పిల్లలు అనుకున్నయి రెండు దినాలకు మరిచిపోతరంటరు. నేను మరువలే. బడిల ఎక్కాలు మరిచిన, పెండ్లి నాటి పాటలు మరిచిన, అది మరువలే.

ఆ తర్వాత అత్తమ్మ మా ఇంటికి రాలే. ఒక్కనాడు రాలే. ఒడిబియ్యానికి పిలిస్తే తలనొప్పి అన్నది, మిల్లు పని అన్నది. ఆఖరికి మిల్లు వాటా అమ్ముకొని కొడుకు వెంట పుణె పోయిన్రు. తిన్నకాడికి తిన్నది, ఇగ ఏం మిగల్లేదని రాలేదనుకున్న నేను. నాయిన మాత్రం మారిండు. ప్రతి కాలం, పాలకీడు పోతవా అని తనే అమ్మను అడిగేటోడు. బస్సు కిరాయి చేతిల పెట్టేటోడు. "ఎవరున్నరు పోను" అనేది అమ్మ. ఆ ఖాకీ సంచి మళ్ళ దించలే ఆమె. నాయిన ఎంత మంచోడు, అమ్మ ఎంత మొండిది అనుకునేదాన్ని. ఇద్దరూ పోయిన్రు, ముందు అమ్మ, వెనక నాయిన. ప్రతి పెత్రమాసకు, అంటే పెద్దల అమాసకు, ఇద్దరి పేర్ల మీద అయ్యగారికి బియ్యమిచ్చుడు నేను ఒక్క ఏడూ తప్పలే.

ఇప్పుడు నవ్యకు ఏం చెప్పిననో చెప్త. మొదటి ఫోనుకు, "ఎండలు మొదలైనయి బిడ్డా, మా దిక్కు రోడ్డు మీద తారు కరుగుతది, మీ నానమ్మ తట్టుకోదు. వానలు పడ్డంక రాండ్రి, గొడుగు తెచ్చుకోండ్రి" అన్న. ఆ పిల్ల గొడుగులు కొన్నదట. శ్రావణంల మళ్ళ చేసింది. ఒడిబియ్యానికి శ్రావణం మించిన నెల లేదు. "అయ్యో, ముసురు పట్టి ఉన్నది, ముసలామె జారితే నడుము ఇరుగుతది. సలికాలంల రాండ్రి, స్వెటర్ పెట్టు" అన్న. గొడుగులు తీసి స్వెటర్లు పెట్టిందట. సర్దిన పెట్టె విప్పుడు, మళ్ళ సర్దుడు, మళ్ళ విప్పుడు. ఆ మాట నవ్య నోటినుంచి వింటుంటే నా కడుపుల సల్లగ అయింది. చెప్పినయన్నీ నిజాలే, ఒక్కటి గూడ అబద్ధం కాదు. అదే దాంట్ల మజా. మా ఆయనది కోదాడ, ఆయన మాట సగం ఆంధ్ర దిక్కుకు ఒరిగి ఉంటది. "పెద్దావిడ కదా సత్తెమ్మా, రమ్మనేసేయ్. వాళ్ళాయన ఎన్నాళ్ళుంటాడో ఏమో" అన్నడు. "ఉండకపోతే మంచిదే" అన్న. ఆయన పేపర్ల తల పెట్టుకున్నడు. నోట్లకెల్లి ఆ మాట వచ్చినందుకు నేను సిగ్గుపడలే.

పెత్రమాస ఇంక నాలుగు దినాలుందనంగ వాకిట్ల కారు ఆగింది. నవ్య దిగి, డోర్ తీసి, అత్తమ్మను చెయ్యి పట్టి దించింది. అడగకుండనే వచ్చింది, ఎప్పటి లెక్కనే. కాకపోతే ట్రంకుపెట్టె లేదు, చక్రాల బ్యాగు. మనిషి ఎండిన చిక్కుడు తీగె లెక్క అయింది. స్వెటర్ వేసుకొని ఉన్నది, చెమటలు కారుతున్నయి, ఉక్కపోత. "ఆయనకు ఊపిరి బరువైతున్నది సత్తీ, ఇగ ఆగలేకపోయిన" అన్నది. నేను నీళ్ళిచ్చిన. "ఇది పెద్దలకు పెట్టే పక్షం అత్తమ్మా. దీంట్ల ఒడిబియ్యం పొయ్యరు. పెత్రమాస అయినంక మరునాడే మంచిరోజు. నీకు తెల్వదా" అన్న. ఆమెకు తెలుసు. తొందరల లెక్క తప్పి వచ్చింది. అట్ల తప్పి వచ్చినందుకు నేను ఎంత సంబురపడ్డనో ఆ పైనున్నోనికే ఎరుక. ఐదు దినాలు నా ఇంట్ల ఆమె పడాలె, అక్కడ ప్రాణం పోతున్న మనిషి ఉండాలె, ఇక్కడ ఈమె మంచిరోజు కోసం చూసుకుంట కూసోవాలె. ఇంతకంటే నేను దేవుణ్ణి ఏం అడిగిన.

రెండో నాడు ముసురు. నేను చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న. అత్తమ్మ మంచం మీద. పుణె నుంచి ఫోనొచ్చింది, మామకు ఆక్సిజన్ పెట్టిన్రట. నవ్య ఫోన్ పట్టుకొనే వచ్చి నా ముందట కూసున్నది. "పెద్దమ్మా, ముందు ఏ రోజూ లేదా?" అన్నది. నేను ఈనె తీసుకుంటనే, అత్తమ్మ దిక్కు చూసి, "రెండు రోజులు ఆగితే ఏమైతది బిడ్డా" అన్న. అత్తమ్మ నవ్యను మందులు తెమ్మని షాపుకు తోలింది.

"సత్తీ, ఆ మాట నాది" అన్నది.

"నీదే. యాదికున్నదా?"

"ఉన్నది. దాని తర్వాతి సంగతి నీకు తెల్వది. మీ అమ్మమ్మ పోయిన కబురు ఒడిబియ్యం నాడు రాలే. రెండొద్దుల ముందే వచ్చింది. పాలకీడు మనిషి మార్కెట్ల మా అన్నకు చెప్పిండు. చెప్తే మీ అమ్మకు మైల తాకుతది, ఒడిబియ్యం ఆగిపోతది, ఉత్త ఒడితోని పోతే మా అత్తగారింట్ల నా పరువు పోతదని కడుపుల పెట్టుకున్నడు. పోసినంకనే నోరు తెరిచిండు."

"నీకెట్ల తెలుసు?"

"నన్ను బస్సెక్కిచ్చుకుంట చెప్పిండు. ఎవ్వరికీ అనకన్నడు."

"సచ్చిపోయినోళ్ళ మీద ఏమన్నా చెప్పొచ్చు."

"మంచంల ఉన్నోని మీద ఒట్టు సత్తీ" అన్నది. ఏ మొగని కోసం పుణె నుంచి పరుగెత్తుకొని వచ్చిందో ఆ మొగని మీద ఒట్టు. చిక్కుడుకాయలు పక్కకు జరిపిన. ఆమెనే చెప్పింది. తల్లి సచ్చి మైలల ఉన్న మనిషి చేతులతోని, ఆమెకే తెల్వకుండ పోయిచ్చిన బియ్యం అవి. ఇంటికి తీసుకపోయి వండలేదట, మిర్యాలగూడ కాలువల కలిపిందట. చీర మాత్రం కట్టుకున్నదట, కట్టుకోకుంటే అత్త అడుగుతదని. మళ్ళ వదిన మొహం చూడబుద్ధి కాక మా గడప ఎక్కలేదట. "నాకు మంచిగ పోసిన ఒడిబియ్యం లేదు. ఆయన పోయేలోపట ఒక్కసారి పొయ్యి" అన్నది. "సంచి చూసి గూడ ఆగమన్నది నువ్వు గదా" అన్న. "అన్న. అది నా తప్పు. జరమే అనుకున్న." క్షమించుమనలే. ఏడ్వలే. నేను గూడ క్షమించలే.

ఆ మాపు నేను పెరట్ల కూసొని ఒక్కొక్కటి తిరగేసిన. పాలకీడుల "రెండొద్దులాయె గదనే" అన్న మాట. "ఇయ్యాల్నే అందింది" అని అమ్మ చెప్పిన జవాబు. అంటే ఆడ కూసున్న ఆ నిమిషంలనే అమ్మకు తెలిసింది, నాయిన మార్కెట్ల విని గూడ తనకు చెప్పలేదని. గడపకాడ తను నిలబడ్డప్పుడు అంగీ దులుపుకుంట "మంచిగనే ఉన్నట్టున్నది" అన్నడు. అన్ని ఏండ్లు ఆ మనిషికి వండిపెట్టింది, నాకు ఒక్క మాట చెప్పలే. మంది పంట తూకంల ఇసుమంత తేడా రానియ్యని మనిషి ఆయన. ఇప్పుడు పుణెల ఒకరు దగ్గితే సూర్యాపేటల ఫోన్ మోగుతున్నది. అసుంటి కబురు ఇప్పుడు దాచాలంటే ఎంతమంది నోర్లు మూయాలె, ఎన్ని ఫోన్లు బంద్ చెయ్యాలె. అప్పుడు ఒక్క మనిషి నోరు మూసుకుంటే సరిపోయింది. అప్పటి దినాలు మంచియి, మనుషులు మంచోళ్ళు అని నాతోటోళ్ళు ఎవరన్నా అంటే ఇగ నేను ఊకోను. అత్తమ్మ మీద నా పగ వట్టిది కాదు, సగం పగ సరైన మనిషి మీదనే ఉండె. తతిమ్మ సగం, పెద్ద సగం, నేను శనక్కాయలు తిన్న జేబుల ఉండె. పగ తీర్చుకుందామంటే ఆ మనిషి లేడు, ఉన్నది ఆయన ఫోటో. దండ గూడ నేనే వేసిన.

ఒడిబియ్యం పోసిన. పెత్రమాస మరునాడు పొద్దుగాల్నే, ఐదుగురు ముత్తైదులను పిలిచి, కుడుకలు, ఖర్జూరాలు, కొత్త పట్టుచీర, ఏదీ తక్కువ కాకుండ నేను, మా ఆయన కలిసి పోసినం. మామ అప్పటికి ఊపిరితోనే ఉన్నడు. అత్తమ్మ ఒడి పట్టుకొని కారెక్కింది. అది ఆమె కోసం కాదు, మా అమ్మ చేతుల మైల కడిగేటందుకు పోసిన. గని నేను రాయాలనుకున్నది దానికి ముందురోజు సంగతి.

పెత్రమాస నాడు అయ్యగారు ఇంటికొచ్చిండు. సాప మీద కూసున్నడు. నేను ఎప్పటి లెక్కనే రెండు ఇస్తరాకులల్ల బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టి తెచ్చిన. అత్తమ్మ గోడకు ఒరిగి చూస్తున్నది. నవ్య ఆమె పక్కన. మా ఆయన పీట మీద కూసొని నీళ్ళు పట్టుకున్నడు. అయ్యగారు పేరు అడిగిండు. అమ్మ పేరు చెప్పిన. అమ్మ పేరు మీద మా ఆయన నీళ్ళు ఇడిచిండు. "ఇంకో పేరు" అన్నడు అయ్యగారు. అమ్మమ్మ పేరు చెప్పిన. ఎన్నడూ చెప్పని పేరు, అయ్యగారు ఒక్క క్షణం ఆగి, మంత్రం చదివిండు. మా ఆయన నీళ్ళు ఇడిచి నా దిక్కు చూసిండు.

"నాయిన పేరు మరిచినవమ్మా" అన్నడు అయ్యగారు.

"మరువలే. మా అమ్మను రెండొద్దులు ఆపిండు ఆయన. ఈ ఏడు ఆయన ఆగుతడు" అన్న.

అయ్యగారికి సమజ్ కాలే. మా ఆయనకు అంతకుముందే అంతా చెప్పిన, ఆయనకు సమజైంది. నేను అత్తమ్మ దిక్కు చూసిన. తోడబుట్టిన అన్న పేరు నేను చెప్పకుండ ఇడిచిపెడితే ఆమె అడ్డమొస్తదనుకున్న, అడ్డమొస్తే అనాల్సిన మాటలు గూడ నోట్ల సిద్ధం పెట్టుకున్న. ఆమె తల దించుకొని కూసున్నది. అయ్యగారు ఇస్తరాకులు రెండూ మూట కట్టుకొని పోయిండు. నాయిన కోసమని పొద్దుగాల అలవాటు కొద్ది పక్కకు కొలిచి పెట్టిన బియ్యం, కూరలు వంటింట్లనే ఉన్నయి. నేను పోయి ఆ బియ్యం కడిగి ఎసట్ల పోసిన. నలుగురం కూసొని తిన్నం. అత్తమ్మ ఒక ముద్ద తిని, ఆగి, "ఇంకొంచెం పెట్టు సత్తీ" అన్నది. పెట్టిన.